చెవిటి ఎబిసుకి వినపడేలా

ప్రస్తుతం మా ఇంట్లో నాతో మాట్లాడే ఆడగొంతు ఒక్కటే. స్నానాల గది గోడలో ఉంటుంది. రోజూ సాయంత్రం ఆరున్నరకి "స్నానానికి నీళ్ళు కాగాయండీ" అంటుంది. నేను "సరే" అంటాను. అది గ్యాసువాళ్ళు బిగించి వెళ్ళిన మిషనే, కాదనను. కానీ పదిహేడు రోజులుగా మర్యాదగా పలకరిస్తోంది. బదులు పలక్కపోతే బాగుండదు.

నా భార్య చిజుకో నాతో మాట్లాడ్డం మానేసి పదిహేడు రోజులైంది. తిండి పెట్టడం మానలేదు. చేప, మిసో పులుసు, అన్నం, అన్నీ టైముకి బల్ల మీద ఉంటాయి. ఊరవేసిన ముల్లంగి మటుకు ఇదివరకటి కన్నా సన్నగా, అన్ని ముక్కలూ ఒకే కొలతలో కోస్తోంది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో అంత కచ్చితమైన ముక్కలు నేను చూడలేదు. 

అత్యవసర విషయాలు మా అమ్మాయి సాయొరి ద్వారా నడుస్తున్నాయి. సాయొరి నగోయాలో ఉద్యోగం చేస్తోంది. ఖాళీ సీసాలు బయట పెట్టే రోజు ఎప్పుడో తెలుసుకోవాలంటే నేను ముందుగదిలోంచి నగోయాకి ఫోన్ చేస్తాను. సాయొరి మా వంటింటికి ఫోన్ చేస్తుంది. వంటింట్లోంచి "గురువారం" అన్న మాట నా చెవిన స్వయంగా పడుతుంది. అయినా నగోయా నుంచి జవాబు వచ్చేదాకా నేను ఆగుతాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి. సరైన దారిలో రాని జవాబు నాకు జవాబు కాదు.

మా ఓనోహామా టౌన్ ఆఫీసులో నాది కుటుంబ రిజిస్టర్ల సెక్షన్. పుట్టినవాళ్ళని ఎక్కించడం, పోయినవాళ్ళని కొట్టేయడం, పెళ్ళయినవాళ్ళని ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి మార్చడం. హెడ్డుగా రిటైరయ్యాను. రిటైరైన మగవాళ్ళు మా ఊళ్ళో రెండు పనులు చేస్తారు. కొందరు నూడుల్సు చేత్తో చేయడం నేర్చుకుని, ఎవరూ తినలేనివి చేస్తారు. కొందరు పురాణాలు చదువుకుని, ఎవరూ అడగనివి చెబుతారు. నాకు పిండి పడదు.

అందుకని నవంబరు ఒకటిన మా గుడి హాల్లో "మొదటి దంపతులు" అని ఉపన్యాసం పెట్టుకున్నాను. పూజారి ఉమెదాగారు రంగుల్లో కరపత్రం కూడా వేయించారు. నా పేరు పక్కన "మాజీ సెక్షన్ హెడ్" అని పడింది. "మాజీ" కాస్త చిన్న అక్షరాల్లో వేయాల్సిందని నాకనిపించింది కానీ అనలేదు.

నలభై మంది వచ్చారు. కథ చెప్పాను. ఇజనాగి, ఇజనామి అని మొగుడూ పెళ్ళాం. అప్పటికింకా నేల గట్టిపడలేదు. ఒక స్తంభం చుట్టూ ఆయన ఇటు నుంచీ ఆవిడ అటు నుంచీ తిరిగొచ్చి ఎదురుపడ్డారు. ఆవిడ ముందు నోరు తెరిచింది, ఎంత బావున్నాడో ఈ మనిషి అని. ఆ తర్వాత ఆయన అన్నాడు, ఎంత బావుందో ఈ పిల్ల అని. మొదటి బిడ్డ జలగలా పుట్టాడు, ఎముక లేదు. మూడేళ్ళు వచ్చినా నిలబడలేదు. రెల్లుపడవలో పెట్టి నీళ్ళలో వదిలేశారు. ఎందుకిలా అయిందని పైదేవుళ్ళని అడిగితే, ఆడమనిషి ముందు మాట్లాడింది కదా, అదీ తప్పు, మళ్ళీ మొదట్నించీ కానివ్వండి అన్నారు. ఈసారి ఆయన ముందు మాట్లాడాడు. చక్కగా దీవులు పుట్టాయి, దేవుళ్ళు పుట్టారు. ఆ మొదటివాణ్ణి మటుకు పిల్లల లెక్కలో వేయలేదని పాత పుస్తకంలో రాసి ఉంది.

ఇక్కడ నేనొక జోకు వేశాను. అప్పటికప్పుడు తట్టింది కాదు, ఇంట్లో రాసుకుని వెళ్ళిందే. పక్కన "ఇక్కడ ఆగాలి" అని కూడా రాసుకున్నాను.

"మా పెళ్ళిచూపుల్లోనూ మా ఆవిడే ముందు మాట్లాడిందండీ. మీ టై టీలో పడింది అంది. అయిపోయింది, మాకూ జలగే పుడుతుందనుకున్నాను. అదృష్టం బావుండి మొదటి కాన్పే బంగారంలాంటి అమ్మాయి."

ఆగాను. నలభై మందీ నవ్వారు. వెనక వరసలో టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ చిజుకో, ఆ కెటిల్ని ఒక కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎవరికీ టీ రాలేదు. సభ తర్వాత ముగ్గురు నా దగ్గరికొచ్చి ఉపన్యాసం బావుందన్నారు, ముగ్గురూ టీ గురించి కూడా అడిగారు.

నలుగురూ నవ్వారని నొచ్చుకుంది, నాలుగు రోజులైతే సర్దుకుంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. రోజుకి నాలుగైదుసార్లు చెప్పుకున్నాను. నిజంగా నమ్మినవాడు అన్నిసార్లు చెప్పుకోడు.

*

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మాడిపోని బల్బులు మార్చాను. చెప్పుల అరలో చెప్పులన్నీ సైజుల వారీగా పేర్చి, మళ్ళీ రంగుల వారీగా పేర్చాను. ముందుగదిలో బల్ల చుట్టూ నేను ఇటు నుంచీ, చీపురుతో చిజుకో అటు నుంచీ వస్తే, ఎదురుపడ్డప్పుడు ఇద్దరం నోరు మూసుకుని పక్కకి తప్పుకుంటున్నాం. రెండోసారి అలా జరిగినప్పుడు ఇది ఎక్కడో చదివినట్టుందే అనిపించి, కోటు తగిలించుకుని రేవుకి పోయాను.

దేవుడికి మొక్కుకుందామా అంటే నవంబరాయె. పాత లెక్కలో పదో నెల. దేశంలో దేవుళ్ళందరూ ఇజుమోకి పోతారు, మీటింగుకి. ఎవరికి ఎవరితో ముడిపెట్టాలో అక్కడే తేలుస్తారట. మా గుళ్ళో పెద్ద దేవుడూ వెళ్ళాడు. నెల్లాళ్ళు రాడు. మా ఆఫీసులో పైవాళ్ళూ ఏడాదికోసారి వేడినీటి బుగ్గల ఊరికి ఇలాగే మీటింగని వెళ్ళేవాళ్ళు. కాబట్టి నాకు అనుమానాలున్నాయి.

ఊళ్ళో మిగిలేది ఎబిసు ఒక్కడే. గుడి వెనక, రేవు వైపు తిరిగి, కుక్కగూడు కన్నా కాస్త పెద్ద గుడి ఆయనది. చంకలో ఎర్రచేప, చేతిలో గాలం, ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉంటాడు. రెల్లుపడవలో వదిలేస్తే కొట్టుకుపోయిన జలగబిడ్డే ఎక్కడో ఒడ్డుకి చేరి ఈ దేవుడయ్యాడని మావాళ్ళ నమ్మకం. అమ్మానాన్నా మళ్ళీ వెతికినట్టు ఏ పుస్తకంలోనూ లేదు. ఈయనకి చెవుడు. అందుకే ఇజుమో నుంచి పిలుపొచ్చినా వినపడక ఊళ్ళో ఉండిపోయాడంటారు. పిలిచే ఉంటారా అని నాకనిపిస్తుంది.

చెవుడు కనక ఆయనకి ముందు నుంచి మొక్కితే చాలదు. వెనక్కి వెళ్ళాలి. అక్కడ అరిగి నున్నబడిన చెక్క ఒకటి ఉంటుంది. దాన్ని పిడికిలితో బాది, పేరూ ఊరూ చెప్పి, కోరిక అరవాలి. చేపలమ్మే తొమియెగారు రోజూ పొద్దున్నే అదే పని. ఎనభై ఒకటి ఆవిడకి. "ఎబిసూ, కానాగంతలు నిన్నటివి కూడా ఉన్నాయి, పోవాలి. కుడి మోకాలు నొప్పి. ఎడమది కాదు, కుడిది" అని ఆవిడ అరిస్తే రేవంతా వింటుంది. మోకాలి సంగతి దేవుడికి చేరిందో లేదో కానీ, ఆ చేపలు నిన్నటివని మాత్రం ఊరందరికీ చేరుతుంది.

నేనెప్పుడూ ఆ వెనక్కి వెళ్ళలేదు. మేము ముందు నిలబడి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, ఒకసారి వంగి మనసులో చెప్పుకునే బాపతు. చప్పట్లు కొట్టేటప్పుడు కుడిచెయ్యి ఒక కణుపు కిందికి ఉండాలి. కొత్తవాళ్ళు తప్పు చేస్తుంటే దగ్గరికెళ్ళి చెబుతుంటాను. థాంక్స్ చెబుతారు. మళ్ళీ నేనున్నప్పుడు రారు.

పదిహేడో తారీకు సాయంత్రం సాయొరి తనంతట తనే ఫోన్ చేసింది.

అమ్మ నారాలో ఫుసాయె పెద్దమ్మ దగ్గరికి వెళ్తోందని చెప్పింది. ఇరవై ఒకటి పొద్దున్న రైలు. సామాను ముందురోజే కొరియర్‌లో వెళ్ళిపోతుంది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపల మనిషొస్తాడు. మంచిదే, అక్కాచెల్లెళ్ళు నాలుగు రోజులు కబుర్లు చెప్పుకుంటారు అన్నాను.

"నాన్నా, తవుడు జాడీ కూడా తీసుకెళ్తోంది."

నేను ఫోన్ పట్టుకునే వంటింటి వైపు తొంగి చూశాను.

మా ఇంట్లో ఆ జాడీ సంగతి తెలిస్తే గానీ ఇది అర్థం కాదు. వరితవుడు, ఉప్పు కలిపి పెట్టిన జాడీ. అందులో ముల్లంగి, దోసకాయ, వంకాయ పాతిపెడితే రాత్రికి రాత్రి ఊరతాయి. చిజుకో వాళ్ళమ్మ ఇచ్చింది, వాళ్ళమ్మకి వాళ్ళత్త ఇచ్చింది. రోజూ చెయ్యి పెట్టి కలపకపోతే చచ్చిపోతుంది. మా ఆవిడ ఎన్ని ఊళ్ళు వెళ్ళినా జాడీ ఇంట్లోనే ఉండేది, పక్కింటావిడకి అప్పజెప్పి వెళ్ళేది. నాకు అప్పజెప్పేది కాదనుకోండి. బట్టలు పెట్టెలో పెట్టుకున్న ఆడమనిషి తిరిగొస్తుంది. తవుడు జాడీ పట్టుకెళ్ళిన ఆడమనిషి ఎందుకు తిరిగొస్తుంది?

"నువ్వేదైనా మాట్లాడొచ్చు కదా" అంది సాయొరి.

ఆవిడ మాట్లాడనిదే నేనెలా మాట్లాడతానన్నాను.

"అమ్మనీ అదే అడిగాను. మగవాడే ముందు మాట్లాడాలని మీ నాన్న నలభై మందిలో చెప్పాడుగా, రూలు తప్పడం నాకెందుకు, ఎదురుచూస్తున్నాను అంది."

పురాణం చదివి పెళ్ళాం చేతికి కత్తి ఇచ్చినవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

*

ఆ రాత్రి ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదటి ప్రతి "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వచ్చింది. అలవాటు. చింపేసి మళ్ళీ రాశాను. మర్నాడు పొద్దున్న చిజుకో వంటింట్లో జాడీ ముందు గొంతుకూర్చుని, చెయ్యి తవుడులో పెట్టి కలుపుతోంది. గుమ్మంలో నిలబడ్డాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"ఆ రోజు సభలో అందరూ నవ్వేలా మాట్లాడాను. తప్పే. క్షమించు."

ఆవిడ చెయ్యి ఆగింది. పద్ధెనిమిది రోజుల తర్వాత మొదటిసారి నా వైపు తిరిగింది.

"దానికా?"

అంతే. మళ్ళీ కలపడంలో పడింది. నేను కాగితం జేబులో పెట్టుకుని బయటికి పోయాను. రేవు దాకా నడిచాను, వెనక్కొచ్చాను, మళ్ళీ రేవు దాకా నడిచాను. దేనికో నాకు తెలుసు. ఒకటో తారీకునే, ఆవిడ కెటిల్ కుర్చీలో పెట్టినప్పుడే తెలుసు.

సాయొరి మొదటి కాన్పు కాదు. సాయొరి కన్నా నాలుగేళ్ళ ముందు, నవంబరులో, ఇంకొకడు ఉన్నాడు. ఎనిమిదో నెలలో కదలిక ఆగిపోయింది. పుట్టాడు. ఏడవలేదు.

ఊపిరి లేకుండా పుట్టిన బిడ్డని కుటుంబ రిజిస్టర్లో ఎక్కించరు. దానికి వేరే ఫారం ఉంది. ఆ ఫారం నేనే నింపి, మా సెక్షన్‌కే తీసుకెళ్ళాను. నా కౌంటర్లో నాకు నేనే ఇచ్చుకోవడం బాగుండదని పక్క కౌంటర్లో ఇచ్చాను. పక్కాయన ముద్ర వేస్తూ, ఇందులో పేరు గడి ఉండదండీ అన్నాడు, తప్పు తనదైనట్టు. నాకు తెలుసన్నాను. ఆ ఫారాలు అచ్చుకి పంపేది నేనే.

ఇంటికొచ్చాక, పేరు ఏం పెడదామని చిజుకో అడిగింది. ఫారంలో పేరు గడి లేదు అన్నాను. ఓదార్పనుకునే చెప్పాను. రూలు ఉందంటే మనిషికి ధైర్యంగా ఉంటుందని నా నమ్మకం. ఆవిడ ఇంక అడగలేదు. ఆ తర్వాత జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా, బ్యాంకులో కాగితాలు నింపినా, పిల్లలు ఎంతమంది అంటే నేను "ఒకరు" అని రాసేవాణ్ణి. ఆ సమయానికి ఆవిడ ఏ పనిలో ఉన్నా చెయ్యి ఆగేది. ఒక్క క్షణం. నేను చూసేవాణ్ణి. కలం ఆపేవాణ్ణి కాదు.

పద్ధెనిమిదేళ్ళ క్రితం రైస్ కుక్కర్ పాడైంది. గ్యారంటీ కార్డు కోసం సొరుగంతా వెతికాను. మా ఇంట్లో గ్యారంటీ కార్డులన్నీ దాస్తాం, అవసరమైంది తప్ప అన్నీ దొరుకుతాయి. అడుగున ఒక పాత పుస్తకం కనిపించింది. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ టౌన్ ఆఫీసు ఇచ్చే తల్లీబిడ్డల పుస్తకం. సాయొరిది కాదు, అంతకు ముందుది. నేను ముద్ర వేసి ఇచ్చిందే. ఆఖరి పేజీలో పెన్సిల్‌తో ఒక పేరు రాసుంది. వాతారు. కింద ఒక్క మాట లేదు. ఎక్కడ ఉన్నది అక్కడ పెట్టేసి, కుక్కర్ కొత్తది కొన్నాను.

*

ఇరవయ్యో తారీకు ఎబిసు పండగ. పదకొండింటికి నా రెండో ఉపన్యాసం, "మన ఎబిసు" అని. మానేద్దామనుకున్నాను కానీ కరపత్రాలు పంచేశారు, అవీ రంగుల్లో. చిజుకో ఇంట్లో ఉండిపోతుందనుకున్నాను. గుమ్మంలో రెండు శాల్తీలు కట్టి ఉన్నాయి, ఒకటి పెట్టె, ఇంకొకటి మూడు పాత తువ్వాళ్ళు చుట్టి, తాడు బిగించిన జాడీ. ఆ తాడు ముడి వంగి చూశాను. ఆవిడ కట్టే ముడులు విప్పలేం, కొయ్యాల్సిందే.

గంట ముందే గుడికి చేరాను. హాల్లో కూర్చోలేక చుట్టూ తిరిగాను. ఒక ప్రదక్షిణం, రెండు. మూడోసారి నా కాళ్ళు ఎబిసు గుడి వెనక్కి తీసుకెళ్ళాయి. ఎవరూ లేరు. కాగితం తీశాను, లోపల పెట్టాను. చెక్క మీద వేలితో రెండుసార్లు తట్టాను.

"తలుపు కొడుతున్నారా మాస్టారూ? లోపల బట్టలు మార్చుకోవట్లేదు లెండి ఆయన."

తొమియెగారు. చేపల బుట్ట మీద కూర్చుని బన్ను తింటోంది. నేను ఊరికే చెక్క ఎలా ఉందో చూస్తున్నానన్నాను. ఉపన్యాసానికి పనికొస్తుందని కూడా అన్నాను.

"చెక్క బానే ఉంది. మా తాత నాటిది. బాదండి, పగలదు."

బాదాను. ఆవిడ పెదవి విరిచింది. ఇంకాస్త గట్టిగా బాదాను. చేతి కణుపులు మండాయి. పేరు చెప్పాను, తొకునాగ మసనొబు. అడ్రసు చెప్పాను, పిన్‌కోడుతో సహా. వయసు అరవై మూడు.

"నాకే వినపళ్ళేదు. ఆయనకేం వినపడుతుంది?"

మళ్ళీ మొదట్నించీ అరిచాను. పిన్‌కోడు దగ్గర గొంతు జీరపోయింది. ఇంట్లోవాళ్ళు, అన్నాను. ఇదంతా నాకు కంఠతా వచ్చిన ఫారమే, ముప్ఫై ఎనిమిదేళ్ళు జనాల్ని అడిగిన వరసే. భార్య, చిజుకో. పిల్లలు.

అక్కడ ఆగిపోయాను. కాగితంలో ఎక్కడా "ఇక్కడ ఆగాలి" అని రాసుకోలేదు. పడవల తాళ్ళు కిర్రుమంటున్నాయి. తొమియెగారు బన్ను నమలడం ఆపింది.

"పిల్లలు ఇద్దరు" అని అరిచాను. "పెద్దవాడు వాతారు. నవంబరులో పుట్టాడు. నేను ఎక్కడా రాయలేదు. ఎవరడిగినా చెప్పలేదు. రెండోది సాయొరి. పిల్లలు ఇద్దరు."

ఇంకా ఏదో కోరుకోవాలి. అసలు అందుకే ఆ చెక్క. జాడీ నారా వెళ్ళకూడదని కోరుకోవాలి. కోరుకోలేకపోయాను. వదిలేస్తే కొట్టుకొచ్చినవాడు లోపల చేప పట్టుకుని నవ్వుతూ కూర్చుని ఉన్నాడు, ఆయన్ని నేనేం అడుగుతాను? చెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

తొమియెగారు సగం బన్ను తినకుండా పక్కన పెట్టేసింది. ఆవిడ విషయంలో అది నేను మొదటిసారి చూడడం.

"ఇంకోసారి చెప్పండి" అంది మెల్లిగా. "ఆయనకి ఒక్కసారికి ఎక్కదు."

ఇంకోసారి చెప్పాను. ఈసారి పిన్‌కోడు వదిలేశాను.

అప్పుడు చూశాను. పది అడుగుల దూరంలో, పండగ వంటకని వేసిన షెడ్డు. కిటికీ బార్లా తెరిచి ఉంది, ఎర్రచిక్కుళ్ళ అన్నం ఆవిరి బయటికొస్తోంది. లోపల ఆరుగురు ఆడవాళ్ళు, చేతుల్లో గరిటెలు. ఎవరి గరిటా కదలడం లేదు. కొరియర్ టైము నాలుగింటికి కదా, పొద్దుటి వంతు పని ఎందుకు ఎగ్గొట్టాలని చిజుకో వచ్చింది. ఇటువైపు వీపు పెట్టి నిలబడి ఉంది. వీపులో నాకేం అర్థం కాలేదు. ఎప్పుడూ కాలేదు.

పదకొండింటికి ఉపన్యాసం ఇచ్చాను. ఈసారి యాభై మంది పైనే వచ్చారు. రంగుల కరపత్రం వల్ల కాదని నాకు తెలుసు. జోకులున్న రెండు పేజీలు తిప్పేశాను. పావుగంటలో అయిపోయింది. టీ వచ్చింది. చిజుకోనే తెచ్చింది, అందరికీ పోసింది, నా కప్పు నా ముందు పెట్టింది. నా మొహం చూడలేదు. టీ వేడిగా ఉంది. దాన్నిబట్టి ఏమైనా అనుకోవచ్చా అని సాయంత్రం దాకా ఆలోచించాను.

*

నాలుగు నుంచి ఆరు అంటే ఎప్పుడైనా రావచ్చు. మూడున్నర నుంచీ నేను గుమ్మంలో ఉన్నాను. చిజుకో ఇంకా రాలేదు, షెడ్డులో గిన్నెలు కడుగుతున్నారట. జాడీని ఒకసారి జరిపాను. మళ్ళీ ఉన్నచోటికి జరిపాను. దాన్ని మెట్ల కింద దాచేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. అరవై మూడేళ్ళవాణ్ణి.

నాలుగూ ఇరవైకి కొరియర్ అతనూ, చిజుకో ఒకేసారి గేటు దగ్గరికొచ్చారు. అతను చీటీ చూసి రెండు శాల్తీలు కదండీ అన్నాడు, పెట్టె ఎత్తాడు, జాడీ మీద చెయ్యి వేశాడు. నేను ఏదన్నా అనాలి. నోరు తెరిచాను. గొంతు రాలేదు, పొద్దున్నే అంతా ఎబిసుకి ఇచ్చేశాను.

"ఒకటే. అది ఉంటుంది" అంది చిజుకో.

అతను చీటీలో రెండు కొట్టేసి ఒకటని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ చెప్పులు విప్పింది. సరిగ్గా సర్దింది. నా వైపు చూడకుండా అడిగింది.

"పేరెలా తెలుసు?"

"కుక్కర్ గ్యారంటీ కార్డు వెతుకుతుంటే."

"ఎప్పుడు?"

"పద్ధెనిమిదేళ్ళయింది."

ఆవిడ అక్కడే నిలబడింది. లోపల గోడలో మిషను నీళ్ళు పట్టడం మొదలెట్టిన చప్పుడు వినిపిస్తోంది.

"దొరికిందా?"

"ఏది?"

"గ్యారంటీ కార్డు."

"లేదు."

ఆవిడ నవ్వలేదు. ఏడవనూ లేదు. కత్తెర తెచ్చి తాడు కోసింది. తువ్వాళ్ళు విప్పి, మూత తీసి, నన్ను పక్కన కూర్చోమంది. ఉంగరం తియ్యమంది. రోజుకి రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, అడుగున ఉన్నది పైకీ, పైన ఉన్నది అడుక్కీ పోవాలని చెప్పింది. నేను చెయ్యి పెట్టాను. చల్లగా, తడి ఇసకలా ఉంది. మోచెయ్యి మునిగేదాకా లోతు ఉంటుందని నాకు తెలీదు.

ఎన్నాళ్ళుంటావు అక్క దగ్గరని అడిగాను.

"తెలీదు" అంది. "ముందు ఇది బతికుంచండి."

ఇరవై ఒకటి పొద్దున్న రైలుకి వెళ్ళింది. స్టేషన్‌కి నన్ను రావద్దంది.

ఇవాళ్టికి ఆరు రోజులు. కలుపుతున్నాను. మొదటిరోజు ఎక్కువ కలిపి నీరుకార్చాను, మూడోరోజు ఉప్పు ఎక్కువేశాను. సాయొరి రోజూ ఫోన్ చేసి, అడుగు నుంచేనా అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వస్తోందో నాకు తెలుసు. నారా నుంచి నగోయాకి, నగోయా నుంచి ఓనోహామాకి. పద్ధతి ప్రకారమే వస్తోంది కాబట్టి పద్ధతి ప్రకారం జవాబు పంపుతున్నాను. నిన్న దోసకాయ ఒకటి తీసి తిన్నాను. ఆవిడ చేసినట్టు లేదు. అలాగని పారెయ్యాల్సినట్టూ లేదు. పొద్దున్న రేవుకి వెళ్తే తొమియెగారు నన్ను చూసి చెక్క వైపు గడ్డంతో చూపించి, ఇవాళ ఖాళీయే అంది. వెళ్ళి, పేరూ ఊరూ, ఇద్దరూ అని చెప్పి వచ్చాను. పెద్ద దేవుళ్ళు ఇంకా మీటింగు నుంచి రాలేదు.

సాయంత్రం ఆరున్నరకి గోడ "స్నానానికి నీళ్ళు కాగాయండీ" అంది. సరే అన్నాను. రెండు చేతులూ తవుడులో ఉన్నాయి. అప్పుడే ఫోన్ మోగింది. నగోయా అనుకుని మోచేత్తో నొక్కాను. నగోయా కాదు. అవతల ఒక టీ కెటిల్ మరుగుతున్న చప్పుడు, ఫుసాయె వదిన ఎవరినో కేకేస్తున్న చప్పుడు, ఆ తర్వాత ఊపిరి. ఇవతల నేనూ ఊపిరే.

కాసేపయ్యాక ఇద్దరిలో ఒకరం ముందు మాట్లాడాం. ఎవరో చెప్పను. పోయినసారి అది చెప్పే ఇంతదాకా వచ్చింది.